నాన్నకి చెప్పకండి

క్యాన్సర్ అని తేలగానే మన ఇళ్లలో మొదలయ్యేది గుసగుస. "నాన్నకి మాత్రం చెప్పకండి డాక్టరుగారూ" అని కొడుకు వరండాలో బతిమాలతాడు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎమ్మెన్జే క్యాన్సర్ ఆసుపత్రి దాకా వచ్చిన నాన్నకి బోర్డు చదవడం రాదా! ఒకరి కోసం ఒకరు నటిస్తూ ఇద్దరూ ఒంటరివాళ్లవుతారు.

అంతా ఒక్కసారే చెప్పేయాలని కాదు. "మీకేమనిపిస్తోంది? ఎంతవరకు తెలుసుకోవాలనుంది?" అని అడిగి, ఆగాలి. ఆ ఆగడమే కష్టం. పరామర్శకు వెళ్లి "ఫలానా ఆయనకీ ఇదే వచ్చింది, పాపం" అని మొదలుపెట్టేవాళ్లు రాకపోయినా నష్టం లేదు. "రేపు కీమోకి నేను తోడొస్తాను, క్యారేజీ తెస్తాను" అంటే చాలు.

ఇక నొప్పి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ అనే చివరి దశ రోగుల సంరక్షణాలయాన్ని తెరిచిన సిసిలీ సాండర్స్, నొప్పి ఒంటికే కాదు, మనసుకీ కుటుంబానికీ కూడా ఉంటుందని గట్టిగా చెప్పారు. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మాత్రలున్నాయి. పేరు వినగానే మత్తు అలవాటవుతుందని హడలిపోతాం. డాక్టరు చెప్పిన మోతాదులో, నొప్పి ముదిరేదాకా ఆగకుండా వేళకి వేసుకుంటే ఆ ప్రమాదం తక్కువే. మలబద్ధకం మాత్రం మామూలే. దానికీ మందు మార్ఫిన్ రాసినప్పుడే అడగండి. మన దేశంలో 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి మార్ఫిన్ అందుబాటును సులువు చేశారు.

ఇలా నొప్పినీ బాధనీ తగ్గించే వైద్యాన్ని ఉపశమన వైద్యం అంటారు. అది చివరి రోజులకే కాదు. కీమో నడుస్తుండగానే అడగవచ్చు.