సెలవు చీటీలో జ్వరం
(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు మనం ఏమేమి విచారిస్తాం? ఫీజు ఎంత, బస్సు వీధి చివరికి వస్తుందా, పదో తరగతిలో ఎంతమంది ప్యాసయ్యారు. ఇవే కదా! తప్పు చేసిన పిల్ల నిజం ఒప్పుకుంటే ఆ బడిలో ఏం చేస్తారని ఎవరమైనా అడిగామా? నేనూ అడగలేదు. అడగవలసిందని ఒక సెలవు చీటీ వల్ల తెలుసుకున్నాను.

మా అమ్మాయి ఐదో తరగతి చదివేటప్పటి సంగతి. మా ఆడపడుచు కూతురి పెళ్ళికని రెండు రోజులు ఊరు వెళ్ళాం. ఆ బడిలో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ సెలవివ్వరు. మానేస్తే మర్నాడు అందరి ముందూ నిలబెట్టి చీవాట్లు పెడతారు. అంచేత నేనే "జ్వరం వచ్చినందువల్ల" అని చీటీ రాసిచ్చాను. పిల్ల చీటీ చదువుకుని, తన చేతులకేసి చూసుకుని, "అమ్మా, జ్వరం వస్తే గోరింటాకు పెట్టుకుంటారా?" అంది. "పిడికిళ్ళు మూసుకుని కూర్చో, ఎవరూ చూడరులే" అన్నాను. సాయంత్రం వస్తూనే, "ఎవరూ చూడలేదమ్మా!" అని గొప్పగా చెప్పింది. ఇద్దరం నవ్వుకున్నాం కూడానూ.

రెండు నెలలు తిరిగేసరికి, లెక్కల్లో మార్కులు తగ్గిన కార్డు మీద మావారి సంతకం తనే పెట్టేసుకుంది. నాకు ఒళ్ళు మండి చెయ్యెత్తాను. అది భయపడుతూనే, "నువ్వు జ్వరమని రాయలేదా?" అంది. ఎత్తిన చెయ్యి దిగిపోయింది.

తప్పు బడిదా, నాదా? ఇద్దరిదీనూ. నిజం చెబితే నలుగురిలో తలవంపులూ, అబద్ధమాడితే క్షేమమూ అయినచోట పిల్లలకి అబద్ధం ఒక విద్య అయిపోతుంది. ఆ విద్యకి ఇంట్లో ట్యూషను చెప్పినదాన్ని నేను.

నేను చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో. ఒకనాడు మాస్టారు రాకముందు ఆటల్లో పడి గోడనున్న భారతదేశం పటం చింపేశాను. "ఎవరు?" అని అడిగితే వణుకుతూ లేచి నించున్నాను. ఆయన కాసేపు చూసి, "మధ్యాహ్నం రా, అతికిద్దాం" అన్నారు. అంతే. వరండాలో కూర్చుని మైదా జిగురుతో ఇద్దరం అతికించాం. ఆ పటం మీద ఆయన చెప్పిన నదుల పేర్లు సగం మరిచిపోయాను. కాని చేతిలోంచి ఏదైనా జారి పగిలితే, నేనే పగలగొట్టానని చెప్పే ధైర్యం నాకు ఆనాటి నుంచే వచ్చింది.

మీలో చాలామంది "రైలుబడి" పుస్తకం చదివే ఉంటారు. జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన ఈ పుస్తకం 1981లో వచ్చింది. అల్లరి భరించలేమని మొదటి బడి వారు ఆ పిల్లను ఒకటో తరగతిలోనే పంపేశారు. తల్లి ఆ మాట కూతురికి తెలియనివ్వకుండా టోక్యోలోనే మరో బడికి తీసుకెళ్ళింది. అక్కడ తరగతి గదులు పాత రైలు పెట్టెలు. ప్రధానోపాధ్యాయుడు కొబయాషి మొదటిరోజునే ఆ పిల్ల కబుర్లు నాలుగు గంటలసేపు విన్నారట! తర్వాత ఒకసారి, మరుగుదొడ్డి గుంటలో పడిన పర్సు కోసం ఆ పిల్ల లోపలిదంతా పైకి తోడిపోస్తూంటే ఆయన చూశారు. తిట్టలేదు. వెతకడం అయ్యాక మళ్ళీ అంతా లోపల వేసెయ్యమని మాత్రం చెప్పి వెళ్ళిపోయారు. ఎదుగుదల ఆగిపోయిన ఒక పిల్లవాడికి కూడా గెలుపు దక్కేలా ఆటలపోటీలు ఏర్పాటు చేసేవారు. 1945లో బాంబులకు ఆ బడి కాలిపోయింది. కాని అక్కడ అలవడిన గుణం పిల్లలతోనే ఉండిపోయింది.

మన దేశంలోనూ 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అయితే చట్టం కాగితం మీద ఉంటే చాలదు. తరగతి గదిలోకి రావాలంటే మనమూ ఒక అడుగు వెయ్యాలి. సాయంత్రం పిల్లలు రాగానే "ఎన్ని మార్కులు?" అని కాకుండా, "ఇవాళ ఎవరు ఏడ్చారు? ఎందుకు?" అని అడిగి చూడండి. ఆ బడి గాలి ఎలాంటిదో మీకే తెలుస్తుంది. సంగతి తెలిశాక టీచరుగారితో మర్యాదగానే మాట్లాడవచ్చు. అరవై మంది పిల్లల్ని ఒక్కతే సంభాళించాలంటే ఆవిడకీ సులువు కాదు మరి.

మొన్నామధ్య మా అత్తగారి సంవత్సరీకానికి పిల్ల బడి మానింది. ఈసారి చీటీలో ఉన్నమాటే రాశాను. రాసి ఊరుకోకుండా పిల్లతో పాటు నేనూ వెళ్ళాను. "ఇంట్లో పనులకి బడి మానిపిస్తే ఎలాగండీ?" అని ఆవిడ నన్ను గట్టిగానే మందలించారు. పిల్ల ముందు మాటపడటం కష్టంగానే ఉండింది. కాని పడవలసింది నేనే.

ఆ వారమే లెక్కల పరీక్ష కాగితం తనంతట తానే తెచ్చి నా చేతికిచ్చింది. మార్కులు ఏమంత గొప్పగా లేవు. సంతకం చేసే చోటు మాత్రం ఖాళీగా ఉంది.