కోతులు పేలెందుకు చూసుకుంటాయి?

మన గుడి మెట్ల మీద ఒక కోతి వెల్లకిలా పడుకుంటే, ఇంకోటి దాని బొచ్చు పాయలు తీసి, ఏదో గిల్లి నోట్లో వేసుకోవడం చూసే ఉంటారు. అవి పేలు, ఈపులు, చర్మపు పొట్టు. చెయ్యందని వీపు శుభ్రపడాలంటే పక్క కోతి సాయం కావాల్సిందే.

శుభ్రత ఒక్కటే కాదు. ఆ స్పర్శకు మెదడులో ఎండార్ఫిన్లు ఊరతాయి, గుండె వేగం నెమ్మదిస్తుంది. సెయ్‌ఫార్త్, చెనీ అనే శాస్త్రవేత్తలు ఆఫ్రికాలో వెర్వెట్ కోతులకు సాయం అడిగే తోటి కోతుల కేకలు రికార్డు చేసి వినిపించారు; ఫలితాలు 1984లో వెలువడ్డాయి. బంధువు కాకపోయినా, కాసేపటి క్రితం తనకు పేలు చూసిన కోతి కేక వినబడితే ఎక్కువసేపు అటే చూశాయి.

వోల్ఫ్స్‌బర్గ్ శ్రోతలారా, మీ రాష్ట్రంలోనే, గోటింగెన్‌లోని జర్మన్ ప్రైమేట్ సెంటర్ 1977 నుంచి కోతిజాతుల మీద పరిశోధిస్తోంది. పేలు చూడటం కోతులకు చేబదులు లాంటిది: ఇవాళ చూస్తే, రేపు కొట్లాటలో అండ దొరకొచ్చు.