గర్భిణి పంటినొప్పి చిన్న విషయం కాదు

(తుళ్లూరు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కడుపుతో ఉన్న మనిషి పన్ను నొప్పి అంటే ఇంట్లో వచ్చే జవాబు మనందరికీ తెలుసు: "కానుపయ్యాక చూద్దాంలే." దిగులుగా ఉందంటే, "నీకేం తక్కువ?" అంటారు. రెండు జవాబులూ ఒకే ఆలోచన నుంచి పుడుతున్నాయి. గర్భిణి అంటే బిడ్డను మోసే కడుపు మాత్రమేనన్న ఆలోచన అది.

గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల మార్పు వల్ల చిగుళ్లు వాచి, తోముకుంటే నెత్తురు వస్తుంది. వాంతులతో పైకొచ్చే ఆమ్లం పంటి మీది పింగాణీ పొరను అరగదీస్తుంది. బిడ్డ మన పళ్లలోని సున్నాన్ని లాగేస్తుందనేది మాత్రం అపోహ.

మరి దీనికీ మనసుకూ సంబంధమేమిటి? అది రెండువైపులా ఉంది. దిగులు కమ్మిన మనిషికి పొద్దున లేచి ముఖం కడుక్కోవడమే బరువు. తిండి వేళ తప్పుతుంది. ఆస్పత్రికి వెళ్లే ఓపిక ఉండదు. కొందరు పొగాకు నమలడం పెంచుతారు. అటు నుంచి చూడండి. రాత్రంతా పంటిపోటుతో నిద్రలేక, నమలలేక సగం కడుపుతో లేచే మనిషి కుంగిపోకుండా ఎలా ఉంటుంది?

చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో నెలలు నిండని కానుపులు, బరువు తక్కువ బిడ్డలు ఎక్కువని అనేక పరిశోధనలు చెప్పాయి. చిగుళ్లకు వైద్యం చేస్తే ఆ ముప్పు తగ్గుతుందని మాత్రం తేలలేదు. అయినా వైద్యం బిడ్డ కోసమేనా? నొప్పి తల్లిది.

2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగాక ఈ పొలాల్లో కూలిపని తగ్గింది. భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను నిర్ణయించారు. కానీ దూరపు మిరపచేలకు ఆటోల్లో వెళ్లే ఆడవాళ్లకు ఆస్పత్రికి వెళ్లిన రోజు కూలి పోయిన రోజే. ఫ్యాక్టరీలకూ, దుకాణాలకూ వర్తించిన 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం వీళ్ల పొలం గట్టు దాకా రాలేదు.

మరి మనం ఏమడగాలి? 2016 నుంచి ప్రతి నెలా 9న ప్రభుత్వాస్పత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు పెట్టారు. బరువు, బీపీ, రక్తం చూస్తారు. నోరు కూడా చూడమందాం. నిద్ర పడుతోందా, ఊరికే ఏడుపొస్తోందా అని కూడా అడగమందాం. గర్భిణినని ముందే చెప్పి పంటి వైద్యం చేయించుకోవచ్చు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మరీ అనువు. చీము, వాపు ఉంటే ఏ నెలలోనూ ఆగకూడదు. వాంతయిన వెంటనే తోముకోకుండా నీళ్లతో పుక్కిలించాలి.

మానసిక వైద్యం అందుకోవడం హక్కని 2017 చట్టం రాసింది. 2022లో మొదలైన టెలిమానస్‌కు, 14416కు, ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. కానీ ఫోను భర్త జేబులో ఉంటే నంబరేం చేస్తుంది? 2019 డిసెంబరు నుంచి శిబిరాల్లో కూర్చుని మాట్లాడిన ఆడవాళ్ల ఊరిది. ఆ గొంతు ఇంట్లో కూడా లేవాలి. వచ్చే 9న ఒక్కో గర్భిణికి మనలో ఒకరం తోడు వెళదాం.