యంత్రము చెప్పు మాట
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఇట్టి సభలలో ప్రధానోపాధ్యాయుడు మాతృభాషను గూర్చియో, సత్ప్రవర్తనను గూర్చియో మాట్లాడుట వాడుక. ఈ యేడు మేము ఎక్స్‌కవేటరు అను త్రవ్వు యంత్రమును గూర్చి చెప్పదలచితిమి. కారణము మీకు తెలియనిది కాదు. కోలారు బంగారు గనులు 2001వ సంవత్సరమున మూతపడినవి. అదే ఊర బి.ఇ.ఎం.ఎల్. కర్మాగారము నేటికిని మట్టిపని యంత్రములను తయారు చేయుచున్నది. రాతి క్వారీలలోను, చెరువుల పూడిక తీయు చోటులలోను ఎక్స్‌కవేటరు లేక పని జరుగుట లేదు. మన పాఠశాల విడిచిన పిల్లలలో కొందరు ఈ యంత్రములపై హెల్పర్లుగా చేరుచున్నారు. తెలుగునాట దీనిని పొక్లెయిను అందురు. అది దీనిని తయారు చేసిన యొక ఫ్రాన్సు కంపెనీ పేరు.

యంత్రము మొరాయించినపుడు దాని దోషమును కనుగొను విద్య మీ పాఠ్యపుస్తకములోని రెండు పాఠములపై నిలిచియున్నది. మొదటిది పాస్కల్ నియమము, రెండవది ఓం నియమము.

మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిక్కులకును సమముగా ప్రసరించునని పాస్కల్ చెప్పెను. ఇరువది టన్నుల తరగతి ఎక్స్‌కవేటరులో ఇంజను సాధారణముగా రెండు పెద్ద పంపులను త్రిప్పును. నూనె పీడనము సుమారు 350 బారుల వరకు పోవును. అనగా ప్రతి చదరపు సెంటీమీటరు మీదను రమారమి 350 కిలోల ఒత్తిడి. పిస్టను వ్యాసము 12 సెంటీమీటర్లయినచో వైశాల్యము 113 చదరపు సెంటీమీటర్లు. గుణించి చూడుడు: సుమారు 40 టన్నుల బలము. బండను పెకలించునది ఈ బలమే. ఇవిగాక పైలటు పంపు అను చిన్న పంపొకటి గలదు. డ్రైవరు లివరు కదపినపుడు సుమారు 40 బారుల పీడనము గల దీని నూనెయే పోయి పెద్ద వాల్వులను జరుపును. అది మాట వంటిది. పెద్ద పంపుల నూనె చేయి వంటిది.

ఇపుడొక యంత్రము ఆగినదనుకొందము. ఇంజను చక్కగా తిరుగుచున్నది. కాని బూము లేవదు, బకెట్టు ముడవదు, బండి కదలదు. చూచినవారు పంపు పోయినదందురు. పంపు ధర లక్షలలో నుండును. బ్యాంకు వాయిదా కట్టుకొను యజమాని గుండె జారిపోవును. ఈ సమయమున చదివిన పిల్లవాడు అడుగవలసిన ప్రశ్న యొకటి గలదు. “అన్ని పనులును ఒకేసారి ఎట్లు ఆగినవి? అన్నిటికిని ఉమ్మడియైనది ఏది?” రెండు పెద్ద పంపులు ఒకే నిమిషమున చెడుట అరుదు. అన్నిటికిని ఉమ్మడియైనది పైలటు నూనె. డ్రైవరు సీటు ప్రక్కన భద్రతా లివరొకటి యుండును. దానిని పైకెత్తినచో పైలటు నూనె ఆగిపోవును. క్రిందికి దించినపుడు ఒక స్విచ్చు కలిసి, ఒక సొలినాయిడు వాల్వునకు విద్యుత్తు పోయి, నూనెకు దారి తెరచుకొనును. ఆ స్విచ్చులో దుమ్ము చేరినను, ఫ్యూజు పోయినను, తీగ తెగినను యంత్రమంతయు స్తంభించును. నూనె జబ్బువలె కనబడినది విద్యుత్తు జబ్బని తేలును. ఇది తెలియక పంపు విప్పుట రోగమొకటి, మందొకటి అన్న సామెతకు సరిపోవును.

కావున మొదటి సూత్రము: ఏది పనిచేయుట లేదో చూచినంతనే చాలదు, ఏది పనిచేయుచున్నదో చూడవలెను. బకెట్టు ఒక్కటే బలహీనమైనచో పంపును అనుమానింప పనిలేదు. బకెట్టు వాల్వు, దాని పైలటు గొట్టము, సిలిండరు సీళ్లు చూడవలెను. ఒక ప్రక్క చక్రపట్టాతో బాటు మరి కొన్ని పనులు నెమ్మదించినచో అవి ఏ పంపు నుండి నూనె పొందుచున్నవో పటములో చూడవలెను. అనుభవజ్ఞులైన మెకానిక్కులు రెండు పంపుల గొట్టములను తారుమారు చేసి బిగింతురు. దోషము అవతలి ప్రక్కకు పోయినచో అది పంపు వైపున ఉన్నది. పోక నిలిచినచో వాల్వు వైపుననో, మోటారు వైపుననో ఉన్నది.

రెండవ సూత్రము: ఇంజను ధ్వనిని వినవలెను. భారము పడినపుడు ఇంజను మూలిగి కూలబడినచో ముందు డీజిలు ఫిల్టరును, గాలి ఫిల్టరును చూడవలెను. పంపును అదుపు చేయు భాగము భారమును తగ్గింపకపోవుటయు కారణము కావచ్చును. ఇంజను ఏమాత్రము శ్రమపడకయే యంత్రము బలహీనముగా నున్నచో పీడనము కూడుట లేదని తెలియును. ఉదయము బాగుగా నడచి, నూనె వేడెక్కిన పిమ్మట నీరసించినచో లోపలి భాగములు అరిగినవేమోయని శంకింపవలెను. ఏలయన వేడి నూనె పలుచనై అరిగిన సందులలో జారిపోవును. అయినను నూనె మట్టము చూడక ఏ నిర్ణయమునకును రాదగదు.

ఇక ఓం నియమము. ఈ యంత్రములలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు శ్రేణిలో కలిసి 24 వోల్టులు ఇచ్చును. ఇంజను తిరుగునపుడు మీటరు సుమారు 28 చూపవలెను. 24 ఓముల నిరోధము గల సొలినాయిడులో 1 ఆంపియరు ప్రవహించును. తుప్పు పట్టిన ఎర్తు తీగ వద్ద మరి 8 ఓములు చేరినవనుకొందము. మొత్తము 32 ఓములు, ప్రవాహము 0.75 ఆంపియరు. సొలినాయిడునకు దక్కునది 18 వోల్టులే. 6 వోల్టులు తుప్పు తినివేయును. కాని ప్లగ్గు ఊడదీసి కొలిచినచో మీటరు 24 చూపును. మీటరు అబద్ధమాడలేదు, ప్రవాహము లేనపుడు అడిగిన ప్రశ్నకు తగిన బదులే చెప్పినది. కనుక ప్లగ్గు తగిలించి, పని జరుగుచుండగా కొలువవలెను.

ఇక చెప్పబోవునది ప్రాణముతో కూడిన మాట. తల్లులును శ్రద్ధగా వినవలెను. సూదిమొనయంత రంధ్రము నుండి అంతటి పీడనముతో చిమ్ము నూనె చర్మమును చీల్చుకొని లోనికి పోవును. చేతి తొడుగు దానిని ఆపలేదు. కావున నూనె ఎచట కారుచున్నదోయని ఎన్నడును చేతితో తడవరాదు. అట్టముక్కను దూరమునుండి పట్టి చూడవలెను. గాయము చీమ కుట్టినంతయే కనబడును, నొప్పియు మొదట అల్పమే. అయినను ఇంటికి పోయి పసుపు పెట్టుకొనుట తగదు. వెంటనే ఆసుపత్రికి పోయి, పీడనముతో నూనె లోనికి పోయినదని వైద్యునకు స్పష్టముగా చెప్పవలెను. కొన్ని గంటల ఆలస్యము వ్రేలిని, ఒక్కొక్కపుడు చేతిని పోగొట్టును. గొట్టము విప్పుటకు ముందు బకెట్టును నేలకు ఆనించి, ఇంజను ఆపి, తాళము తిరిగి ఆను చేసి, భద్రతా లివరు దించి, అన్ని లివర్లను పలుమార్లు కదపి, నూనె తొట్టిలోని గాలిని మెల్లగా విడువవలెను. మేస్త్రి తొందరపెట్టినను ఈ క్రమము తప్పరాదు. యంత్రపు చేయి విరిగినచో అతుకవచ్చును. మీ చేయి అట్టిది కాదు.

ఈ సంగతులన్నియు తెలుగుననే చెప్పితిమి. పనిచోట మేస్త్రి కన్నడమో, తమిళమో, హిందీయో మాట్లాడును. యంత్రపు పుస్తకము ఇంగ్లీషున ఉండును. దానికి జంకవలదు. ఒక నోటుబుక్కులో ఒకప్రక్క పుస్తకములోని పేరును, ఎదుట దాని పనిని తెలుగున వ్రాసికొనుడు. చూచిన దోషమును, కొలిచిన అంకెను, తేలిన కారణమును తేదీతో వ్రాయుడు. ఇంటి భాషలో కారణము బోధపడినవానికి పేరు ఏ భాషలో నున్నను బాధ లేదు. కారణము తెలియనివాడు పదియేండ్లు పనిచేసినను స్పానరు అందించువాడుగానే మిగులును.

సంఘపు పెద్దలకు ఒక విన్నపము. మన సైన్సు గదికి నాలుగు మల్టీమీటర్లు కావలెను. పాత పీడన మాపకము ఏ వర్కుషాపులోనైనను పడియున్నచో అదియు ఇప్పింపుడు. బహుమతులకు వెచ్చించు సొమ్ములో కొంత దీనికి కేటాయించినచో, వచ్చు వార్షికోత్సవమునాడు పదవ తరగతి పిల్లలు మీ యెదుటనే కొలిచి చూపుదురని మేము మాట యిచ్చుచున్నాము.