ఏ తీరమును ముందు కాపాడవలెను?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మన సభలలో సాధారణముగా సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగములు జరుగుచుండును. ఈ పర్యాయము విజ్ఞానశాస్త్ర సంబంధమైన విషయము నొకదానిని చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. నేను ఎన్నుకొనిన విషయము ఉత్తరధ్రువ ప్రాంతపు సముద్రతీరములకు చమురు వలన కలుగు ముప్పు. ఆ ముప్పును ముందుగా అంచనా వేయుట ఎట్లు, దానికి సిద్ధపడుట ఎట్లు అనునది నేటి ప్రసంగము.

కృష్ణా గోదావరుల ఒడ్డున పుట్టినవారికి ఆ మంచుసముద్రముతో పని యేమి అని మీరు అడుగవచ్చును. మన దేశము 2008లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ ద్వీపములలో ‘హిమాద్రి’ అను పరిశోధనకేంద్రమును నెలకొల్పినది. 2013లో ఆర్కిటిక్ మండలిలో పరిశీలక దేశముగా చేరినది. 2022లో ఆర్కిటిక్ విధానమును ప్రకటించినది. కావున ఆ సముద్రపు మంచిచెడ్డలతో మనకు సంబంధము ఏర్పడియే యున్నది. వేరొక కారణము కూడ కలదు. ప్రణాళికలు వ్రాయుట, వానిని దస్త్రములలో భద్రపరచుట మనలో చాలమందికి నిత్యకృత్యము. వ్రాసిన ప్రణాళిక అవసరము వచ్చిన దినమున అక్కరకు వచ్చునా అను ప్రశ్న మనకును పరిచితమే.

మొదట జరిగిన ఒక ఉదంతమును చెప్పెదను. 1989 మార్చి 24వ తేదీన, అర్ధరాత్రి దాటిన కొలది నిమిషములకు, అలాస్కా దక్షిణ తీరమున ప్రిన్స్ విలియం సౌండ్ అను అఖాతములో ఎక్సాన్ వాల్డీజ్ అను చమురు ఓడ నీటిలోని రాతిదిబ్బను ఢీకొనెను. అందలి చమురులో అయిదవ వంతు, అనగా సుమారు 4 కోట్ల లీటర్లు, సముద్రము పాలయ్యెను. ప్రమాదము జరిగిన అయిదారు గంటలలో సహాయసామగ్రి ఓడ చెంతకు చేరునని రేవు నిర్వాహకుల ప్రణాళికలో వ్రాసి యుండెను. ఆ సామగ్రిని మోయవలసిన పడవ అప్పటికి మరమ్మతులో ఉండెను. సామగ్రి చేరుసరికి పన్నెండు గంటలు దాటెను. మొదటి మూడు దినములు సముద్రము ప్రశాంతముగా ఉండెను; చమురును ఒకచోట నిలిపి తోడుటకు అదియే అదను. ఆ అదను తప్పిన పిమ్మట గాలివాన వచ్చి, చమురు తెట్టును చెదరగొట్టి, దూరదూరములకు కొట్టుకొనిపోయెను. సుమారు 2,000 కిలోమీటర్ల తీరమునకు చమురు అంటెను. రెండున్నర లక్షల సముద్రపక్షులు, 2,800 సముద్రపు నీటికుక్కలు మరణించినట్లు అంచనా.

ఈ విషాదములో ఒక విశేషము గమనింపదగినది. ఆ ప్రాంతపు జాలరులు కొందరు, తీరమంతటిని కాపాడుట తమ వల్ల కాదని వెంటనే గ్రహించిరి. సాల్మన్ చేపపిల్లలను పెంచు కేంద్రములు కొన్ని చిన్న అఖాతములలో ఉండెను. అవి పోయిన తమ జీవనమే పోవును. కావున ఉన్న పడవలను, దొరకిన తేలు అడ్డుకట్టలను అచ్చటికే చేర్చి, రాత్రింబవళ్ళు కావలి కాసిరి. ఆ కేంద్రములు దక్కినవి. ఏ తీరమును ముందు కాపాడవలెనో వారికి తెలిసియుండుటయే దీనికి కారణము.

ఈ తెలివిడినే శాస్త్రరూపమున క్రమబద్ధము చేసిన పద్ధతి ఒకటి కలదు. 1976లో అలాస్కాలోని కుక్ ఇన్‌లెట్ తీరమును పరిశీలించుచు శాస్త్రజ్ఞులు దానిని రూపొందించిరి. దీనిని పర్యావరణ సున్నితత్వ సూచిక అనవచ్చును. ఇందు తీరములను 1 మొదలు 10 వరకు తరగతులుగా విభజింతురు. అలల తాకిడికి నిలిచిన నిట్టనిలువు రాతితీరము 1వ తరగతి. అచ్చట చమురు నిలువదు; అలలే దానిని కడిగివేయును. సన్నని ఇసుకతీరము 3వ తరగతి. చమురు లోతునకు దిగదు గనుక పైపొరను గీకి తీయవచ్చును. గులకరాళ్ళ తీరము 6వ తరగతి. రాళ్ళ సందులలో చమురు లోనికి దిగి ఏండ్ల తరబడి దాగియుండును. అలలు లేని బురదనేలలు 9వ తరగతి. ఉప్పు చిత్తడినేలలు, మడ అడవులు 10వ తరగతి. మన కాకినాడ చేరువనున్న కోరింగ మడ అడవుల వంటివి ఈ లెక్కలో అత్యంత సున్నితమైన తరగతికి చెందును. ధ్రువప్రాంతమున మడ అడవులు లేవు. వానికి బదులు, సముద్రపు నీరు ఎక్కి దిగు పల్లపు టండ్రా నేలలు ఈ 10వ తరగతిలో చేరును.

నేల స్వభావముతో పాటు ఇంకను రెండు విషయములు ఆ పటములపై గుర్తింతురు. ఏ పక్షి ఎచ్చట ఏ నెలలో గ్రుడ్లు పెట్టును, ఏ చేప ఏ యేటిలోనికి ఎప్పుడు ఎక్కును అనునది ఒకటి. మనుష్యులు ఎచ్చట వేటాడుదురు, ఎచ్చట నీరు తెచ్చుకొందురు, పూర్వుల నివాసస్థలములు ఎచ్చట కలవు అనునది రెండవది. ఈ మూడును ఒకే పటము మీద చూచినప్పుడు, పది అడ్డుకట్టలు మాత్రమే ఉన్న అధికారి వానిని ఎచ్చట వేయవలెనో కొంత తెలియును.

పటము గీయుట ఎచ్చటనైనను ఒకటే అని తోచును. కాని ధ్రువతీరమున చిక్కులు వేరు. మొదటిది, ఆ తీరము నిలుకడ లేనిది. అచ్చటి నేల ఏండ్ల తరబడి గడ్డకట్టి యుండును. అది కరగుకొలది అలలు గట్టును కోసివేయును. ఉత్తర అలాస్కా తీరము సగటున ఏటికి 1.4 మీటర్ల చొప్పున వెనుకకు పోవుచున్నది. కొన్ని చోట్ల ఈ కోత పది మీటర్లను మించును. ఇరువది ఏండ్ల క్రింద గీసిన పటములో గట్టుగా ఉన్నది నేడు నీరై యుండవచ్చును. కావున ఆ పటములను మరల మరల గీయుచుండవలెను.

రెండవది మంచు. శీతకాలమున తీరమునకు అంటుకొని గడ్డకట్టు మంచు ఒక విధముగా కవచము. వెలుపలి చమురు ఒడ్డునకు రాకుండ ఆపును. కాని మంచు క్రింద చేరిన చమురు ఆ మంచులోనే చిక్కుకొని, దానితో కదలి, వసంతమున ఉప్పునీటి సన్నని నాళముల గుండ పైకి ఉబుకును. పక్షులు, తిమింగలములు మంచు చీలికల దారిని ఉత్తరమునకు వచ్చు కాలము సరిగా అదియే. కావున ఒకే తీరమునకు జనవరిలో ఒక విలువ, జూన్‌లో ఒక విలువ, సెప్టెంబరులో ఒక విలువ కట్టవలసియుండును.

మూడవది దూరము. అలాస్కా ఉత్తరాగ్రమున ఉట్కియాగ్విక్ అను పట్టణము కలదు. ఇతర పట్టణములతో దానికి రోడ్డు సంబంధము లేదు. అమెరికా తీరరక్షక దళమునకు పెద్ద విమానస్థావరము ఉన్న కోడియాక్ దానికి దాదాపు 1,500 కిలోమీటర్ల దూరమున ఉన్నది. చలికాలమున ఇంచుమించు రెండు నెలలు అచ్చట సూర్యుడు ఉదయింపడు. 1989 నాటి ప్రమాదములో పని చేసినవారు పదివేలకు పైబడిరి. కొలది వందల జనాభా గల తీరగ్రామములలో అంతమందికి వసతి ఎచ్చట? పోగుచేసిన చమురు బురదను పెట్టుటకు చోటు ఎచ్చట? ప్రణాళిక వ్రాయువారు ఈ ప్రశ్నలకు ముందుగనే సమాధానము చెప్పవలసియున్నది.

ఇక చమురును తొలగించు సాధనములు నాలుగు. తేలు అడ్డుకట్టతో నిలిపి యంత్రముతో తోడుట మొదటిది. మంచుముక్కలు దట్టముగా ఉన్నచో అడ్డుకట్ట నిలువదు, యంత్రము మూసుకొనిపోవును. నీటిమీదనే తగులబెట్టుట రెండవది. ఇందుకు మంచే కొన్ని వేళల అడ్డుకట్టగా తోడ్పడును, కాని చమురు పొర తగినంత మందముగా ఉండవలెను. మందు చల్లి చమురును చిన్న చిన్న బిందువులుగా విడగొట్టుట మూడవది. నాలుగవది విన వింతగా ఉండును: ఏమియు చేయక విడిచిపెట్టుట.

ఈ నాలుగవదానిని సోమరితనముగా భావింపరాదు. 1989లో వేడినీటిని మిక్కిలి ఒత్తిడితో చిమ్మి రాతితీరములను కడిగిరి. చూచుటకు రాళ్ళు శుభ్రమైనవి; కాని చమురును తట్టుకొని బ్రతికిన జీవరాశి కూడ ఆ వేడికి చచ్చెను. కడుగక విడిచిన కొన్ని తీరములే ముందుగా తేరుకొన్నట్లు తరువాతి పరిశీలనలు చూపినవి. అంతకు ముందే, 1981లో, కెనడా ఉత్తరమున బాఫిన్ దీవి తీరమున శాస్త్రజ్ఞులు తెలిసియే కొలది చమురును విడిచి ప్రయోగము చేసిరి. ఒక అఖాతములో చమురును ఉన్నది ఉన్నట్లు విడిచిరి. వేరొక చోట మందు కలిపి విడిచిరి. మందు కలిపినది నీటిలోని జీవులను కొలది కాలము బాధించినను త్వరగా చెదరిపోయెను. కలుపనిది ఒడ్డునకు అంటి, సంవత్సరముల తరబడి అచ్చటనే నిలిచెను. కావున ఏ సాధనమును వాడినను కొంత నష్టము తప్పదు. ఏ నష్టము తక్కువయో తీరమును బట్టి, ఋతువును బట్టి నిర్ణయింపవలెను. చమురు ఒడ్డునకు వచ్చుచుండగా ఈ చర్చ మొదలుపెట్టిన, చర్చ ముగియుసరికి తీరము మునుగును.

ఆ నిర్ణయములో ఎవరికి మాట ఉండవలెను? ఉత్తర అలాస్కాలో ఇనుపియాట్ అను జాతివారు తరతరములుగా నివసించుచున్నారు. బోహెడ్ తిమింగలము వారికి ఆహారము. అంతకు మించి వారి సంఘజీవనమునకు మూలస్తంభము. వేట ఫలించిన యేడు, జూన్ మాసమున నలుకాటక్ అను పండుగ చేసి, ఆ మాంసమును ఊరివారందరికి పంచుదురు. మాంసము చమురుతో చెడినదను అనుమానము కలిగిన చాలును, ఆ పంపకము నిలిచిపోవును. మంచు ఎప్పుడు విరుగును, ప్రవాహము ఏ గాలికి ఎటు త్రిప్పుకొనును అను సంగతులు అచ్చటి వేటగాండ్రకు తెలిసినంత ఇతరులకు తెలియవు. ప్రిన్స్ విలియం సౌండ్‌లో ప్రమాదము తరువాత ఈ సత్యమును గుర్తించిరి. నేడు అచ్చట వందలాది జాలరి పడవలతో ముందుగనే ఒప్పందము చేసికొని, ఏటేట శిక్షణ ఇచ్చుచున్నారు. ఏ అఖాతము ముఖద్వారమున అడ్డుకట్ట ఎచ్చట కట్టవలెనో తెలుపు పటములను అలాస్కా తీరమున చాల చోట్లకు సిద్ధము చేసిరి.

చమురు ఓడల నుండియే వచ్చునని కూడ అనుకొనరాదు. 2020 మే 29న రష్యాలోని నొరిల్స్క్ నగరము చెంత ఒక విద్యుత్కేంద్రపు ఇంధనపు తొట్టి ఆధారములు క్రుంగి పగిలెను. సుమారు 20,000 టన్నుల డీజిల్ వెలువడి, అధికభాగము అంబర్నాయ నదిలోనికిని పరిసర జలములలోనికిని చేరెను. ఆ నీరు ప్యాసినో సరస్సునకును, అటుపై కారా సముద్రమునకును పోవు నీరు. కావున తీరపు ప్రణాళిక నదుల ఎగువకు కూడ చూడవలసియున్నది.

దేశములు ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. ఆర్కిటిక్ మండలిలోని ఎనిమిది సభ్యదేశములు చమురు విపత్తులలో పరస్పరము సహకరించుకొనుటకు 2013లో స్వీడన్‌లోని కిరునాలో ఒడంబడిక చేసికొనినవి. 2017 నుండి ధ్రువసముద్రములలో తిరుగు ఓడలకు ప్రత్యేక నియమావళి అమలులోనికి వచ్చినది. చిక్కని బరువు ఇంధనమును ఆర్కిటిక్ జలములలో వాడుటను, ఇంధనముగా మోయుటను 2024 జూలై 1 నుండి నిషేధించిరి. కొన్ని ఓడలకు మాత్రము 2029 వరకు మినహాయింపులు కలవు.

ఇవన్నియు మంచివే. కాని 1989 నాడు కూడ కాగితము మీద ప్రణాళిక ఉండెను; లేనిది నడువగల పడవ. ఏ ప్రణాళికను చూచినను మూడు ప్రశ్నలు అడుగవలెనని నా మనవి. ఇందు చెప్పిన సామగ్రి ఈ దినమున ఎచ్చట ఉన్నది? దానిని నడుపువారు కడపట ఎప్పుడు అభ్యాసము చేసిరి? అన్నిటిని కాపాడలేని నాడు దేనిని ముందు కాపాడవలెనో, ఆ తీరమున బ్రతుకువారిని అడిగి వ్రాసినారా? మన తూర్పుతీరమునకైనను, మన కార్యాలయములలోని ఏ విపత్తు ప్రణాళికకైనను ఈ ప్రశ్నలు వర్తించును. మీ బల్లమీదికి అట్టి దస్త్రము ఎప్పుడైన వచ్చినచో, సంతకమునకు ముందు ఒక్కసారి ఈ మూడింటిని అడుగుడు.