కైలాసగిరి రోప్‌వే ఎక్కని నాన్న

ఈ ఎపిసోడ్‌లో ట్రావెల్ టిప్స్ ఏమీ ఉండవు, ముందే చెప్పేస్తున్నా. ఇవాళ మా నాన్న గురించి మాట్లాడాలి.

మాది సీతమ్మధార. ఇసుకతోట, ఎంవీపీ కాలనీ దాటి అప్పుఘర్ దగ్గర బీచ్ రోడ్డు ఎక్కితే కైలాసగిరి వచ్చేసినట్టే. ఇంటికి చుట్టాలొస్తే అక్కడికే. శివపార్వతుల పెద్ద విగ్రహాల ముందు ఫోటో, టాయ్ ట్రైన్‌లో ఒక రౌండు. 2014లో హుద్‌హుద్ తుపాను చెట్లు కూల్చేశాక కొండ బోడిగా ఉన్నప్పుడు కూడా వెళ్ళాం. కానీ రోప్‌వే కేబిన్‌లో తీసిన ఒక్క ఫోటోలోనూ నాన్న ఉండరు. "మీరెళ్ళండి, నేను బండి మీద ఘాట్ రోడ్డులో వస్తా" అంటారు.

ఎత్తంటే భయం అనుకునేవాణ్ణి. ఎలా అవుతుంది చెప్పండి? ఆయన ఇరవై ఏళ్ళు ఒక ఫ్యాక్టరీలో ఓవర్‌హెడ్ క్రేన్ నడిపారు. రోజంతా పైనే కూర్చునే మనిషి.

మొన్న ఆదివారం బండి రిపేర్‌లో ఉంది. ఆటోలో వెళ్ళాం. చెల్లి చెయ్యి పట్టుకుని లాగితే నాన్న కాదనలేకపోయారు. క్యూలో నిలబడి కేబిళ్ళ వైపే చూస్తున్నారు. సముద్రం వైపు తిరగనేలేదు.

కేబిన్ కదిలింది. అమ్మ కళ్ళు మూసుకుంది. నేను ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టా. అప్పుడు నాన్న మెల్లగా అన్నారు:

"వైరు రోప్ ఉన్నట్టుండి తెగదురా. ముందే చెప్తుంది. సన్న తీగలు మెలేస్తే ఒక పాయ, ఆ పాయలన్నీ మెలేస్తే రోప్. తెగేముందు ఒక్కో తీగ విరిగి ముల్లులా బయటికొస్తుంది. మేం పాత గుడ్డ పెట్టి రోప్ వెంట లాగేవాళ్ళం. గుడ్డ చిక్కుకుంటే అక్కడ తీగ తెగినట్టు. తెగినవి లెక్కపెట్టి, లిమిట్ దాటితే రోప్ మార్చేయాలి."

"మరి భయం దేనికి నాన్నా?" అంది చెల్లి.

కాసేపు మాట్లాడలేదు.

"ఒకరోజు చెక్ చేయాల్సింది నేను. షిఫ్ట్ అయిపోతోంది, బస్సు వెళ్ళిపోతుందని చూడకుండా సంతకం పెట్టేశా. మర్నాడు లోడుతో సహా తెగిపోయింది. కింద ఉండాల్సినాయన అప్పుడే టీకి వెళ్ళాడు."

అమ్మ కళ్ళు తెరిచింది. పెళ్ళై ముప్పై ఏళ్ళు, ఆవిడకీ తెలీదట.

నేను ఫోన్ ఆపేశా. అందుకే ఈ ఎపిసోడ్‌లో ఆ వీడియో లేదు, సారీ. కింద ఎంవీపీ కాలనీ డాబాలు, అవతల డాల్ఫిన్ నోస్, అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. ఎవరం మాట్లాడలేదు. "టీకి వెళ్ళాడు కదండీ" అని అమ్మ మాత్రం రెండుసార్లు అంది.

పైన దిగగానే నాన్న అక్కడి ఆపరేటర్ దగ్గరికెళ్ళారు. "రోప్ ఎవరు చూస్తారు బాబూ? సంతకం పెట్టేముందు పూర్తిగా చూస్తారా?" అని అడుగుతున్నారు. ఆ అబ్బాయి నవ్వి "మీరు ఏ డిపార్ట్‌మెంట్ సార్?" అన్నాడు. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. మేం టాయ్ ట్రైన్ మిస్సయ్యాం.

తిరిగొచ్చేటప్పుడు ఘాట్ రోడ్డులో ఆటో మాట్లాడదామన్నా. "టికెట్టు రెండువైపులకీ తీశావుగా" అన్నారు నాన్న.

ఆ ఫోటో థంబ్‌నెయిల్‌లో పెట్టా, చూడండి. అందులో కళ్ళు మూసుకున్నది అమ్మ కాదు.