సుద్ద రంగు వేయకముందు

 

న్యాయం గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. మేము బెంచీల గురించి మొదలుపెడతాం. పాత చెక్కబెంచీలకు ఇంట్లోనే కలుపుకున్న సుద్ద రంగు వేయడం గురించి. నవ్వకండి. పోయిన వేసవిలో మా సంఘం న్యాయం గురించి నేర్చుకున్నదంతా ఆ పనిలోనే నేర్చుకుంది.

మేము పరిచర్య చేసేది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో. మన తాతలు చిత్తూరు వైపునుంచి, ఆ చుట్టుపక్కల పల్లెలనుంచి కూలికోసం వచ్చి అక్కడ బంగారం తవ్వారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు మా యువకులు చాలామంది తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి పోయి, చీకటి పడ్డాక తిరిగొస్తారు. ఊళ్ళో మిగిలినవి మట్టిదిబ్బలు, పాత క్వార్టర్సు, మందిరాలు. మా మందిరంలో కంపెనీ కాలంనాటి బెంచీలు 14 ఉన్నాయి.

ఆ బెంచీలను పాత సామాన్లకు అమ్మేసి ప్లాస్టిక్ కుర్చీలు కొందామని పెద్దలు అన్నారు. మా యువజనుల్లో ఒక చెల్లెలు లేచి, "అయ్యగారూ, చెక్క గట్టిగానే ఉంది. సుద్ద రంగు వేద్దాం, కొత్తవాటిలా అవుతాయి" అంది. ఫోనులో వీడియో చూపించింది. పాత బీరువాకు గరుకు కాగితం పట్టకుండానే తెల్లరంగు పూశారు. గంటలో ఆరింది. చూడముచ్చటగా ఉంది.

ఈ రంగు కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో అనీ స్లోన్ అనే ఆమె 1990లో దీన్ని చాక్ పెయింట్ అనే పేరుతో తీసుకొచ్చారు. మెరుపు ఉండదు, సుద్దముక్కతో రుద్దినట్టు మెత్తగా కనబడుతుంది. అసలు డబ్బా కొనాలంటే ఖరీదు ఎక్కువ. ఇంట్లో కలుపుకోవడం తేలిక. ఒక కప్పు ఎమల్షన్ రంగుకు మూడోవంతు కప్పు సుద్దపొడి. పొడిని ముందు కొంచెం నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, తర్వాత రంగులో పోయాలి. సుద్దపొడి బదులు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వాడేవారూ ఉన్నారు. అది త్వరగా గట్టిపడుతుంది కాబట్టి అప్పటికి కావలసినంతే కలుపుకోవాలి.

మేము కలిపాం. ఒక శనివారం మొదటి బెంచీకి పూశాం. సాయంత్రానికి తెల్లగా, కొత్త పెళ్ళికూతురిలా ఉంది. ఆదివారం అందరూ మెచ్చుకున్నారు.

బుధవారం ప్రార్థనకు వచ్చేసరికి మచ్చలు. తెలుపు అడుగునుంచి గోధుమరంగు మరకలు పైకి వచ్చాయి. వీపు ఆనించే చెక్క దగ్గర రంగు గోరు పెడితే పొరలుగా ఊడి వచ్చింది. ఇంకో కోటు వేశాం. రెండు రోజులు ఆగింది. మళ్ళీ మచ్చలు.

అప్పుడు మా వీధిలోని వడ్రంగి పెద్దాయనను పిలిచాం. ఆయన చెక్కను వేలితో తడిమి, వాసన చూసి, "ఇది నూనె. యాభై ఏళ్ళ తలల కొబ్బరినూనె ఇందులో ఇంకిపోయింది. నూనెమీద రంగు నిలవదు. ఆ మచ్చలు చెక్కలోని కషాయం. తడి తగలగానే పైకి వస్తుంది. ఎన్ని కోట్లు వేసినా వస్తూనే ఉంటుంది" అన్నాడు.

"మరి వీడియోలో ఏమీ రుద్దకుండానే వేశారు కదా?" అని మా పిల్లలు అడిగారు.

"రుద్దకపోయినా పోతుందేమో. కడగకపోతే పోదు" అన్నాడాయన.

ఆయన చెప్పిన క్రమం ఇది. ఇళ్ళలో పాత కుర్చీ, పాత బల్ల ఉన్నవారు రాసుకోండి. ముందు సబ్బునీళ్ళతో, జిడ్డు బాగా ఉంటే చాకలి సోడా కలిపిన నీళ్ళతో కడగాలి. మంచి నీళ్ళతో తుడిచి, బాగా ఆరనివ్వాలి. ఊగుతున్న కాళ్ళు బిగించాలి. పురుగు తొలిచిన చోటు ఉంటే మందు పెట్టాలి, రంధ్రాలకు లప్పం పట్టాలి. మచ్చ పైకి రాకుండా లక్క పాలిష్ ఒక కోటు వేయాలి. అది ఆరాకే సుద్ద రంగు, పలచగా రెండు కోట్లు. చివర మైనం రుద్దుతారు. కానీ రోజూ చెమట, తలనూనె తగిలే బెంచీలకు మైనం చాలదు, నీటితో కలిసే పారదర్శక వార్నిష్ వేయాలి. ఇంకో మాట కూడా అన్నాడు: మంచి టేకు, మంచి నార కనబడుతున్న చెక్క అయితే రంగే వేయవద్దు, పాలిష్ పెట్టి వదిలేయండి అని. అన్నిటినీ కప్పాల్సిన పని లేదు.

సరే, బెంచీలన్నీ బయటికి తెచ్చి పాత రంగు తీయడం మొదలుపెట్టాం. అక్కడ ఇంకో తప్పు చేశాం. మా తమ్ముళ్ళు పొడి గరుకు కాగితంతో పరపరా రుద్దేస్తున్నారు. ఆకుపచ్చ ధూళి లేస్తోంది. పక్కనే సండేస్కూలు పిల్లలు ఆ పెచ్చులు ఏరుకుని ఆడుకుంటున్నారు. మాలో నర్సుగా పనిచేసే సోదరి ఒకరు చూసి పరుగెత్తుకొచ్చి ఆపించారు. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉంటుంది. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదనే నిబంధన అమలులోకి వచ్చింది 2017 నవంబరు 1 నుంచే. అంతకుముందు వేసిన రంగు ఏదైనా సీసం ఉన్నట్టే అనుకోవాలి. అది చిన్నపిల్లల మెదడును దెబ్బతీస్తుంది, గర్భంలోని బిడ్డకూ హాని చేస్తుంది. ఇంత సీసమైతే ఫరవాలేదు అనే లెక్క లేదు.

కాబట్టి పాత రంగును పొడిగా రుద్దవద్దు, మంటతో కాల్చవద్దు. నీళ్ళతో తడుపుతూ రుద్దండి. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, పెచ్చులన్నీ సంచిలో కట్టండి. ముక్కుకు చేతిరుమాలు చాలదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి. పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచండి. చేతులు కడగకుండా టీ గ్లాసు ముట్టుకోవద్దు.

ధూళి అనగానే మా పెద్దలు కొందరు మౌనమైపోయారు. గని రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు రాయిలా మారిన నాన్నలను వాళ్ళు చూశారు. సిలికోసిస్ అనే పేరు చదువురాని అవ్వలకు కూడా తెలిసిన ఊరు మాది.

ఇక అసలు సంగతి. తడిపి రుద్దుతుంటే ముందు వరసలోని నాలుగు బెంచీల వీపుమీద, ఆకుపచ్చ కింద, తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి: 'స్టాఫ్'. పిల్లలకు అర్థం కాలేదు. మందిరంలో స్టాఫ్ ఏమిటి అని నవ్వుకున్నారు.

ఎనభై దాటిన ఒక అవ్వ చెప్పింది. "గుమాస్తాల ఇళ్ళవాళ్ళు, మేస్త్రీల ఇళ్ళవాళ్ళు ముందు కూర్చునేవాళ్ళు నాయనా. గనిలోకి దిగేవాళ్ళు వెనక. మా పేటవాళ్ళం చాపమీద. తర్వాత ఎవరో అయ్యగారొచ్చి ఆ అక్షరాలమీద రంగు కొట్టించాడు, అందరూ ఒకటే అన్నాడు."

"అప్పుడు మీరు ముందుకొచ్చి కూర్చున్నారా అవ్వా?" అని అడిగాం.

"లేదు. ఎవరూ వద్దనలేదు. ఎవరూ రమ్మని పిలవనూ లేదు."

ఆ మాట విన్నాక మేము ఇంటికి వెళ్ళి లెక్క చూసుకున్నాం. ఇన్నేళ్ళుగా పుల్పిట్ మీదనుంచి చూస్తున్నాం. ముందు నాలుగు బెంచీల్లో ఎవరు కూర్చుంటున్నారు? ఆనాటి ఇళ్ళ మనవలే. చాపమీద కూర్చున్నవారి మనవలు ఎక్కడ? వెనక వరసల్లో, తలుపు దగ్గర. మేము కాపరులం, రోజూ చూస్తూనే చూడలేదు. ఈ తప్పు మొదట మాది.

యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో సరిగ్గా దీన్నే రాశాడు. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాడిని నిలబెట్టే సంఘాన్ని నిలదీశాడు. బంగారం తవ్వినవారి ఊళ్ళో, ఆ బంగారం తవ్వినవారినే మనం చాపమీద కూర్చోబెట్టాం. యెహెజ్కేలు 13వ అధ్యాయంలో ఒక గోడ ఉంది. గోడ బలహీనం, పైన పూత మాత్రం బాగుంది. వాన వచ్చినప్పుడు ఆ పూత గోడను నిలబెట్టలేదు. అందరూ ఒకటే అన్న మాట మంచిదే. కానీ కడగకుండా పైన పూసిన మంచి మాట నిలవదు. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు మచ్చ పైకి వస్తుంది. సంఘపెద్దల ఎన్నికల్లో వస్తుంది. కొన్నిచోట్ల సమాధుల తోటలో కూడా వస్తుంది. మనం ఇంకో కోటు వేస్తాం. మళ్ళీ వస్తుంది.

ఒక పెద్దాయన బాధపడ్డారు. "మా నాయన ఆ బెంచీలో కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇప్పుడు తవ్వి బయటపెట్టడం ఎందుకు? రంగు వేసేయండి" అన్నారు. ఆయన బాధ అబద్ధం కాదు. వాళ్ళ నాన్న ఎందరికో ఉత్తరాలు చదివి పెట్టిన మనిషి. మంచి మనిషి కూడా చెడ్డ వరసలో కూర్చుంటాడు. ఆ మాట ఆయనతో మెల్లగా చెప్పాం. ఆయన రెండు ఆదివారాలు మందిరానికి రాలేదు.

మూడు వారాలు రంగు పని ఆపేశాం. బెంచీలు చెక్కలు తేలి అలాగే ఉన్నాయి. ఆ మూడు ఆదివారాలూ ఆరాధన తర్వాత పెద్దవాళ్ళను మాట్లాడనిచ్చాం. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరికి పాట ఎత్తే అవకాశం వచ్చింది, ఎవరికి రాలేదు. కొందరు ఏడ్చారు. కొందరు కోపంతో లేచి వెళ్ళారు. యువజనులు అంతా విని, చివరికి ఒక నిర్ణయానికి వచ్చారు. 14 బెంచీలకూ ఒకే రంగు. ఒక్క బెంచీమీద మాత్రం ఆ అక్షరాలున్న చోట రంగు వేయకుండా పారదర్శక వార్నిష్ వేసి ఉంచాలి. దానిని వెనక వరసలో పెట్టాలి. ముందు వరసలో స్థిరంగా ఎవరికీ చోటు ఉండదు. సంఘపెద్దల కమిటీ ఒప్పుకుంది. అందరూ సంతోషంగా ఒప్పుకున్నారని చెప్పలేం.

ఆ పెద్దాయన మూడో ఆదివారం వచ్చారు. వెనక కూర్చున్నారు. దాని గురించి ఇంతవరకు మాతో ఏమీ మాట్లాడలేదు. అవ్వను ముందుకు రమ్మని ఈసారి పిలిచాం. ఒకసారి వచ్చింది. ఇప్పుడు మళ్ళీ వెనకే కూర్చుంటోంది. మోకాళ్ళ నొప్పి, తలుపు దగ్గరైతే సులువు అంటుంది. అది నొప్పో, అలవాటో మాకు తెలియదు. రంగు ఒక్క శనివారంలో ఆరింది. ఇది ఆరడానికి ఇంకా కాలం పడుతుంది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాం. మేము నాలుగు శనివారాలు రుద్దితే భుజాలు పడిపోయాయి, దగ్గు పట్టింది. బెంగళూరు అపార్టుమెంట్లలో గోడలకు లప్పం పట్టి రోజంతా రుద్దే మన తమ్ముళ్ళకు ఇది ఒక వేసవి పని కాదు, బతుకు. వారిలో ఎంతమంది ముక్కుకు మాస్కు ఉంది? మీ ఇంటికి రంగువేసే మనిషి వస్తే కూలి బేరమాడేముందు మాస్కు ఇచ్చారా అని మిమ్మల్ని మీరు అడగండి. రంగుపని, వడ్రంగిపని చేసేవారు నిర్మాణ కార్మికుల కిందికే వస్తారు. 1996 చట్టంతో ఏర్పడిన సంక్షేమ మండళ్ళు రాష్ట్రాల్లో ఉన్నాయి. 18 నుంచి 60 ఏళ్ళలోపు ఉండి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసినవారు నమోదు చేసుకోవచ్చు. మన సంఘాల్లో ఎంతమంది చేసుకున్నారో మీరు తిరిగివెళ్ళాక ఇంటింటికీ వెళ్ళి అడగండి. ఫారం నింపడం రానివారికి నింపి పెట్టండి. నజరేతులో మన ప్రభువును ఊరివారు గుర్తుపట్టింది వడ్రంగిగానే. చెక్కపని చేసేవారి ఊపిరి ఆయనకు విలువైనది.

మీ మందిరంలోనూ పాత బెంచీ ఉంటుంది. మీ ఇంట్లోనూ పాత కుర్చీ ఉంటుంది. పారేయకండి. రంగు వేయండి, బాగుంటుంది. కానీ ముందు కడగండి. కడిగేటప్పుడు ఏ అక్షరాలు బయటపడినా కంగారుపడి కప్పేయకండి. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళను పిలిచి, ఇక్కడ ఎవరు కూర్చునేవారు, ఎవరు నిలబడేవారు అని అడగండి. వారు చెప్పేది పూర్తిగా విన్నాకే డబ్బా మూత తీయండి.

ప్రభువు మీకు తోడై ఉండును గాక. ఆమేన్.